జాంజిబార్ ఎక్కడుందే? (ఆఫ్రికాలో చదువు, ఇంటర్న్‌షిప్ గురించి కొన్ని సంగతులు)

ఈ సంక్రాంతికి రేపల్లెలో అమ్మమ్మ వాళ్లింట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక మా పిన్ని కూతురు మెల్లగా ఒక మాట వదిలింది. "జాంజిబార్‌లో ఐఐటీ ఉంది. నేను అప్లై చేద్దామనుకుంటున్నా." తను తెనాలిలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"జాంజిబార్ ఎక్కడుందే?" అంది అమ్మమ్మ.

"ఆఫ్రికాలో."

"ఆఫ్రికానా!" పిన్ని చేతిలో అరిసె చేతిలోనే ఉండిపోయింది. "అక్కడ మన పిల్లని ఎలా చూస్తారో ఏమో!"

బాబాయికి నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఆయన బాధ వేరు. "అమెరికా పంపలేక ఆఫ్రికా పంపాడంటారు ఊళ్లో" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావుగా, అసలు అదేందో కనుక్కుని చెప్పరా" అన్నాడు.

కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి జాంజిబార్ ఎందుకు తెలియాలో నాకు అర్థం కాలేదు. అయినా కనుక్కున్నా. కనుక్కున్నదంతా బాబాయికి చెప్పేశాక, మన క్లబ్ వాళ్లకి కూడా పనికొస్తుందని రాస్తున్నా. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం చదువు నాది. తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఆ ఐఐటీ సంగతి

ఆఫ్రికా అంటే ఒక దేశం కాదు, 54 దేశాలు. "ఆఫ్రికా వెళ్తున్నా" అనడం "ఆసియా వెళ్తున్నా" అన్నంత పెద్ద మాట. అందులో తూర్పు తీరాన టాంజానియా ఉంది. ఆ తీరానికి దగ్గర్లో హిందూ మహాసముద్రంలో ఉన్న దీవులు జాంజిబార్. 1964లో టాంగన్యికా, జాంజిబార్ కలిసి టాంజానియా అయ్యాయి. లవంగాలకి పేరున్న చోటు. క్వీన్ బ్యాండ్ పాటలు వినేవాళ్లకి ఇంకో సంగతి: ఫ్రెడ్డీ మెర్క్యురీ పుట్టింది అక్కడే, 1946లో, మన దేశం నుంచి వెళ్లిన పార్సీ కుటుంబంలో.

ఐఐటీ మద్రాస్ అక్కడ క్యాంపస్ పెట్టడానికి 2023 జులైలో ఒప్పందం జరిగింది. అదే ఏడాది అక్టోబర్‌లో క్లాసులు మొదలయ్యాయి. ఒక ఐఐటీ దేశం బయట క్యాంపస్ తెరవడం అదే మొదటిసారి. దాని బాధ్యత తీసుకున్న ప్రొఫెసర్ ప్రీతి అఘాలయం ఒక ఐఐటీ క్యాంపస్‌ని నడిపిన మొదటి మహిళ కూడా. ఇది వినగానే అమ్మమ్మ "అయితే ఆడపిల్లలకి బానే ఉంటది" అని తీర్పు ఇచ్చేసింది.

మొదలుపెట్టిన కోర్సులు రెండు. డేటా సైన్స్, ఏఐలో నాలుగేళ్ల బీఎస్ ఒకటి, అదే సబ్జెక్టులో ఎంటెక్ ఇంకొకటి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే బీఎస్ వేరు, ఇది వేరు. జాంజిబార్ బీఎస్‌కి అక్కడ హాస్టల్లో ఉండి క్లాసులకి వెళ్లాలి. డిగ్రీ మీద ఉండేది ఐఐటీ మద్రాస్ పేరే. బీఎస్‌లో చేరడానికి జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. వాళ్లే ఒక స్క్రీనింగ్ టెస్ట్ పెడతారు, తర్వాత ఇంటర్వ్యూ. మన దేశం వాళ్లు కూడా రాయొచ్చు.

జేఈఈ లేదనగానే మా పెదనాన్న "దొడ్డిదారి ఐఐటీ అన్నమాట" అన్నాడు. అది సరైన మాట కాదు. ఆ క్యాంపస్ పెట్టింది ముఖ్యంగా ఆఫ్రికా పిల్లల కోసం. వాళ్లు జేఈఈ ఎక్కడ రాస్తారు? అందుకే దారి వేరుగా పెట్టారు.

ఇక బాబాయి అడిగిన అసలు ప్రశ్న, ఫీజు. 2023లో ప్రకటించినప్పుడు బీఎస్‌కి ఏడాదికి 12,000 డాలర్లు, ఎంటెక్‌కి 4,000 డాలర్లు. అంటే బీఎస్‌కి ఏడాదికి 10 లక్షలు దాటుతుంది. నాలుగేళ్లకి 40 లక్షల పైమాటే. హాస్టల్, తిండి, రాకపోకలు కాకుండా. ఎంటెక్ మాత్రం ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కల పడుతుంది. డాలర్ పెరిగితే ఇదీ పెరుగుతుంది. "ఒక్కసారి వైరస్ తగిలి చెరువు పోయిందంటే ఆ ఏడాది ఫీజు లేనట్టే" అన్నాడు బాబాయి. ఆ లెక్కకి నా దగ్గర జవాబు లేదు.

జాంజిబార్ ఒక్కటే కాదు. 2023లోనే మన నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉగాండాలోని జింజాలో క్యాంపస్ తెరిచింది. అమెరికాకి చెందిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి రువాండా రాజధాని కిగాలీలో క్యాంపస్ ఉంది, అక్కడ ఐటీలో మాస్టర్స్ చదవొచ్చు.

నైరోబీలో ఎనిమిది వారాలు

చదువు సంగతి వెబ్‌సైట్లు చెప్తాయి. అక్కడ ఉండటం ఎలా ఉంటుందో వెళ్లొచ్చినవాళ్లే చెప్పాలి. మా కాలేజీలో ఫైనలియర్ అక్క ఒకరు 2024 వేసవిలో కెన్యా రాజధాని నైరోబీలో ఇంటర్న్‌షిప్ చేసొచ్చింది. అక్కది కూడా మా వైపే, కొల్లూరు దగ్గర లంక గ్రామం. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలు అడిగా.

అంత దూరం ఎందుకెళ్లావక్కా అంటే ఉషాహిదీ అనే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పింది. 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత కెన్యాలో గొడవలు జరిగాయి. ఎక్కడేం జరుగుతోందో బయటికి తెలియట్లేదు. అప్పుడు కొంతమంది కలిసి, జనం ఎస్సెమ్మెస్‌లోనో వెబ్‌లోనో పంపిన కబుర్లని మ్యాప్ మీద చూపించే సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. స్వాహిలి భాషలో ఉషాహిదీ అంటే సాక్ష్యం. 2010లో హైతీ భూకంపం అప్పుడు కూడా దాన్ని వాడారు. కోడ్ ఓపెన్ సోర్స్. అక్క సెకండియర్‌లో ఆ కోడ్ చదివి, అలాంటి పనే చేసే ఒక చిన్న కంపెనీకి మెయిల్ పెట్టింది. పన్నెండు కంపెనీలకి పెడితే ఒక్కరు జవాబిచ్చారట.

మొదటి దెబ్బ చలి. ఆఫ్రికా కదా అని మొత్తం కాటన్ బట్టలే తీసుకెళ్లింది. నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. జూన్, జులైలో చలిగా ఉంటుంది. వెళ్లిన రెండో రోజే స్వెటర్ కొనుక్కుంది.

రెండోది గడియారం. స్వాహిలిలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్లకి ఒకటో గంట. ఇంటి ఓనరమ్మ తాళం తీసుకోవడానికి "సా తతు"కి రమ్మంది. ఫోన్‌లో చూస్తే మూడు గంటలని వచ్చింది. అక్క మధ్యాహ్నం మూడింటికి వెళ్లింది. ఓనరమ్మ పొద్దున తొమ్మిది నుంచి ఎదురుచూస్తోంది! మన జాముల లెక్క కూడా పొద్దు పొడుపు నుంచే కదా, మనం మర్చిపోయాం, వాళ్లు మర్చిపోలేదు, అంతే తేడా.

మూడోది ఎం-పెసా. కంప్యూటర్ సైన్స్ వాళ్లం కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తా. మనకి యూపీఐ 2016లో వచ్చింది. కెన్యాలో ఎం-పెసా 2007 మార్చిలోనే వచ్చింది. మొబైల్‌కి ఎం, పెసా అంటే డబ్బు. మన పైసానే అటు వెళ్లి పెసా అయింది. యూపీఐకి బ్యాంకు అకౌంట్ ఉండాలి. ఎం-పెసాకి అక్కర్లేదు, ఫోన్ నంబరే అకౌంట్. వీధి చివర ఏజెంట్ కొట్లో నోట్లు ఇస్తే ఫోన్‌లోకి డబ్బు వస్తుంది, ఫోన్‌లోంచి పంపితే నోట్లు ఇస్తాడు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా, నెట్ లేకపోయినా బటన్ ఫోన్‌లో మెనూ వస్తుంది. "మనం క్లాసులో యాప్ అంటే ముందు లాగిన్ పేజీ గీస్తాం. అక్కడ ముందు అడిగే ప్రశ్న, నెట్ లేనివాడు దీన్ని ఎలా వాడతాడు అని" అంది అక్క. నేను నోట్‌బుక్‌లో రాసుకున్న మాట ఇదే.

అన్నీ బాగున్నాయని చెప్పలేదు. 2024 జూన్ 25న పన్నుల బిల్లు మీద నైరోబీలో పెద్ద నిరసన జరిగింది. జనం పార్లమెంట్‌లోకి వెళ్లారు, కాల్పులు జరిగాయి, కొందరు చనిపోయారు. ఆ రోజు నెట్ కూడా సరిగ్గా రాలేదు. అక్క రెండు రోజులు గది దాటలేదు. ఇంట్లోవాళ్లకి ఫోన్ కలిసేదాకా వాళ్లమ్మ అన్నం తినలేదట. టాంజానియాలో కూడా 2025 అక్టోబర్ ఎన్నికలప్పుడు అల్లర్లు జరిగాయి, దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు. ఈ సంగతి పిన్నికి దాచకుండా చెప్పా. వెళ్లేవాళ్లు ఆ దేశంలో ఎన్నికలెప్పుడో ముందే చూసుకోవాలి.

అక్క జులైలో తిరిగొచ్చింది. సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి వరదొచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వైపు వాళ్లకి ఆ రెండు రాత్రులు గుర్తుంటాయి. కరకట్ట తెగిందని ఒక వాట్సాప్ మెసేజ్, తెగలేదని ఇంకొకటి. ఏది నిజమో తెలియదు. అక్క హాస్టల్లో కూర్చుని నైరోబీలో నేర్చుకున్న పద్ధతిలోనే ఒక మ్యాప్ పెట్టింది. ఊళ్లో పదిమంది కుర్రాళ్లు ఎస్సెమ్మెస్ పంపుతారు: ఏ వీధిలో ఎంత నీళ్లు, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివాళ్లున్నారు, పడవ ఎక్కడికి రావాలి. కళ్లతో చూసినవాళ్లు పంపిందే మ్యాప్ మీదకి ఎక్కించింది. దాంతో వరద ఆగలేదు. పసుపు, అరటి తోటలు పోయినవి పోయాయి. కానీ వాళ్ల తాతయ్యని, ఇంకో నలుగురు పెద్దవాళ్లని పడవ ఎక్కించింది ఆ మ్యాప్ చూసే.

ఆఫ్రికా వెళ్లి ఏం నేర్చుకుంటావని అడిగినవాళ్లకి చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి జవాబు దొరకలేదు. వాళ్ల సమస్యలు, మన సమస్యలు ఒకటే: సరిగ్గా రాని నెట్‌వర్క్, చవక ఫోన్లు, ఎన్నో భాషలు, వరదలు. కొన్నిటికి వాళ్లు మనకంటే ముందే దారి కనుక్కున్నారు.

"అక్కడ ఎలా చూస్తారో?"

పిన్ని ప్రశ్న మిగిలింది. అక్కని అడిగితే, నైరోబీలో ఇండియా వాళ్లని "ముహిందీ" అంటారని చెప్పింది. మనవాళ్లు అంటే షాపు ఓనర్లు, డబ్బున్నవాళ్లు అనుకుంటారు. దానికి వెనక చరిత్ర ఉంది. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు మార్గం వేయడానికి బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి 30 వేల మందికి పైగా కూలీలని తీసుకెళ్లారు. దాదాపు 2,500 మంది ఆ పనిలో చనిపోయారు. కొంతమంది అక్కడే ఉండిపోయారు, వ్యాపారులు కూడా వచ్చి చేరారు. 1972లో ఉగాండాలో ఇదీ అమీన్ ఆసియా వాళ్లని 90 రోజుల్లో వెళ్లిపొమ్మన్నాడు. కెన్యా 2017లో వాళ్లని తమ దేశంలోని 44వ తెగగా గుర్తించింది. రెండూ చరిత్రే. అక్కని బేరంలో ఎక్కువ ధర అడిగారట గానీ, అవమానించినవాళ్లు లేరంది.

అదే ప్రశ్న నా ల్యాబ్ పార్ట్‌నర్‌ని కూడా అడిగా. అతనిది టాంజానియా, విక్టోరియా సరస్సు ఒడ్డున మ్వాంజా అనే ఊరు. మా కాలేజీలోనే సీఎస్‌ఈ. వాళ్ల నాన్నది చేపల వ్యాపారం. "డగా" అని ఎండబెట్టిన చిన్న చేపలు, అచ్చం మన ఎండు నెత్తళ్లలా ఉంటాయి. "ఉగాలి" అంటే మొక్కజొన్న పిండి సంకటి. స్వాహిలిలో బండిని "గారీ" అంటారు, కొట్టుని "దుకా", లక్షని "లాకి", బీమాని బీమా అనే అంటారు. అన్నని "కాకా" అంటారు. కానీ "మామా" అంటే మాత్రం అమ్మ. ఫస్టియర్ మొదటి వారంలో హాస్టల్లో అబ్బాయిలందరూ ఒకళ్లనొకళ్లు "మామా, మామా" అని పిలుచుకుంటుంటే ఈ దేశంలో అందరూ అమ్మని తలుచుకుంటున్నారేంటి అనుకున్నాడట.

మేం నవ్వుకున్న సంగతి ఇది. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది.

పోయిన జులైలో అతనికి కాలేజీ దగ్గర్లో గది కావాల్సొచ్చింది. తెలుగు సరిగ్గా రాదు కాబట్టి నేను తోడెళ్లా. టు-లెట్ బోర్డులున్న ఇళ్లే ఆరు తిరిగాం. మూడో ఇంట్లో ఓనర్ అతన్ని పైనుంచి కిందికి చూసి, "నల్లోళ్లకి ఇవ్వం బాబూ, మీకైతే చెప్పండి" అన్నాడు. ఏమన్నాడని అతను అడిగాడు. "గది ఖాళీ లేదంట" అని చెప్పా. అతను బోర్డు వైపు ఒకసారి చూసి "సరే, పద" అన్నాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. ఆరో ఇంటి తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నల్ల అంటే ఏంటో నాకు తెలుసు. నేను ఇక్కడ నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే."

మొన్న పిన్ని మాట చెప్పి, మీ అమ్మ నిన్ను ఇండియా పంపేటప్పుడు ఏమందని అడిగా. "అక్కడ నిన్ను ఎలా చూస్తారో అంది" అన్నాడు. 2016లో బెంగళూరులో ఒక టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసింది. 2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థుల్ని కొట్టారు. ఆ వార్తలు వాళ్లింట్లో చూశారు. గది సంగతి అమ్మకి చెప్పావా అంటే లేదన్నాడు. చెప్తే వెంటనే వచ్చేయమంటుంది, నాలుగేళ్ల ఫీజులో సగం ఇప్పటికే కట్టేశారు అన్నాడు.

మ్వాంజాలో ఒకమ్మ, రేపల్లెలో మా పిన్ని ఒకే మాటతో భయపడ్డారు. రేపల్లెలో భయం ఊహ. మ్వాంజాలో భయం నిజమైంది. అందులో నా అబద్ధం కూడా ఒకటుంది.

వెళ్లాలనుకుంటే

ఇవి అక్క చెప్పినవి, నేను సరిచూసుకున్నవి.

ఒకటి, ఇంటర్న్‌షిప్‌కి టూరిస్టుగా వెళ్లకూడదు. కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. కానీ పని చేయడానికి ఏ పాస్ కావాలో ఆ కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. "ముందు వచ్చేయ్, తర్వాత చూద్దాం" అంటే వెళ్లొద్దు.

రెండు, ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని మన దగ్గరే డబ్బు అడిగేవాళ్లుంటారు. అక్కని ఒక ఏజెన్సీ 80 వేలు అడిగింది. పని మనం చేస్తాం, డబ్బూ మనమే ఇస్తాం! నేరుగా కంపెనీకి రాయడమే మేలు. అక్కకి వచ్చిన స్టైపెండ్ గదికి, తిండికి సరిపోయింది. విమానం టికెట్ మాత్రం సొంత ఖర్చు.

మూడు, ఎల్లో ఫీవర్ టీకా. చాలా దేశాలకి కావాలి. బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మందుల గురించి కూడా డాక్టర్‌ని అడగండి.

నాలుగు, జాంజిబార్ వెళ్లే విదేశీయులకి 2024 అక్టోబర్ నుంచి అక్కడి ప్రభుత్వ బీమా తప్పనిసరి చేశారు. అక్కడ ఎక్కువమంది ముస్లింలు. రంజాన్ నెలలో పగలు బయట తినకుండా ఉండటం, బట్టల విషయంలో జాగ్రత్తగా ఉండటం మర్యాద.

ఐదు, పూర్తి డిగ్రీకి వెళ్తే, ఆ డిగ్రీ మన దేశంలో చెల్లుతుందో లేదో చేరకముందే చూసుకోవాలి. ఐఐటీ డిగ్రీకి ఆ ఇబ్బంది లేదు. వేరే యూనివర్సిటీ అయితే మన దేశంలో గుర్తింపు ఉందో లేదో చూడాలి.

ఆరు, దిగగానే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. జాంజిబార్‌లో మన కాన్సులేట్ ఉంది. గొడవలు జరిగినప్పుడు మీరు అక్కడున్నారని వాళ్లకి తెలిసుండాలి.

బాబాయికి ఏం చెప్పానంటే

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో ఇదంతా చెప్పా. ఫీజు, అల్లర్లు, టీకా, మ్యాప్, అన్నీ. చివర్లో గది సంగతి కూడా చెప్పా. చెప్పి, "బాబాయ్, మన మేడ మీద గది అడిగితే నువ్వు ఇచ్చేవాడివా?" అన్నా.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఏమోరా. ఇచ్చేవాణ్ణి కాదేమో" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు నాకు నచ్చింది. కాసేపాగి, "వాళ్ల నాన్నది చేపల వ్యాపారం అన్నావుగా. ఓసారి తీసుకురా, చెరువులు చూపిస్తా" అన్నాడు. శివరాత్రి సెలవులకి తీసుకెళ్తున్నా. నేనూ తనకి ఆ మూడో ఇంటి మాట ఉన్నదున్నట్టు చెప్పి సారీ చెప్పాలి.

చెల్లి ఫీజు లెక్కంతా కాగితం మీద వేసుకుంది. నాలుగేళ్ల బీఎస్ కష్టమని తనకే అర్థమైంది. "అయినా టెస్ట్ రాస్తా. రాకపోతే ఇక్కడే బీటెక్ చేసి, ఎంటెక్‌కి వెళ్తా" అంది. పిన్ని ఇంకా ఒప్పుకోలేదు. అమ్మమ్మ మాత్రం ఫోన్ తీసుకుని, "ఇంతకీ ఆ జాంజిబార్‌లో బియ్యం దొరుకుతాయా?" అని అడిగింది.

దొరుకుతాయి అమ్మమ్మా. అన్నం, చపాతీ, చాయ్, అన్నీ దొరుకుతాయి.